మానిన ఐదో రోజు: బీడీ, సీఓపీడీ, ఒక టాబ్లెట్ల సంచి

(పేషెంటు, ఆయన భార్య ఒప్పుకున్నాకే రాస్తున్నది. వయసు, ఊరు, కుటుంబ వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాం.)

నేపథ్యం

యాభై దాటిన మనిషి. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో చాలా ఏళ్లు హమాలీ. పత్తి, మక్క, ఎండాకాలం దగ్గరపడితే మిర్చి బస్తాలు. బస్తా ఎత్తితే దమ్ము ఆడక పని మానేసి, కరీంనగర్ వైపు సొంతూరికి వచ్చేశారు. మీసాలు రాకముందు నుంచే బీడీ. రోజుకు ఒక కట్ట దాటుతుంది, అంటే ఇరవై ఐదు నుంచి ముప్పై బీడీలు.

సమతలం మీదే వంద మీటర్లు నడిచి ఆగాల్సి వస్తోంది. బరువు 46 కిలోలు. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 93 శాతం. ఏడాదిలో రెండుసార్లు దమ్ము ఎక్కువై ఆస్పత్రిలో చేరారు. ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ పరీక్షలో, మందు పీల్చాక కూడా, ఎఫ్ఈవీ1 (మొదటి సెకనులో ఊదే గాలి)–ఎఫ్‌వీసీ (మొత్తం ఊదే గాలి) నిష్పత్తి 0.51, ఎఫ్ఈవీ1 ఉండాల్సినదాంట్లో 41 శాతం. సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి గాలి సరిగ్గా ఆడని జబ్బు, మూడో గ్రేడు. బరువు తగ్గుతూ దగ్గే మనిషిని టీబీ లేదని తేల్చకుండా 'బీడీ దగ్గు' అని పంపేయడం మన దగ్గర ప్రమాదం కాబట్టి, ముందు ఎక్స్‌రే, తెమడకు సీబీనాట్ అనే టీబీ పరీక్ష చేయించాం. టీబీ లేదు.

ఆయన భార్య ఇంట్లోనే బీడీలు చేస్తారు. ఉత్తర తెలంగాణలో బీడీ మానిపించే పని చేసేవాళ్లు మొదట అడగాల్సింది ఇదే. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. పక్కనే కట్టలు కట్టిన బీడీలు రాత్రంతా ఇంట్లోనే. సిగరెట్ తాగేవాడు కనీసం దుకాణం దాకా నడవాలి. ఈయన చెయ్యి చాపితే చాలు.

ఎంత గట్టి అలవాటు

'రోజుకు ఎన్ని' అన్న లెక్క కంటే 'లేచాక ఎంతసేపటికి మొదటిది' అన్నదే బీడీ విషయంలో ఎక్కువ పనికొస్తుంది. ఈయనకు ఐదు నిమిషాల్లోపే. ఆ రెండూ కలిపి ఆరు మార్కులకు లెక్కేసే కొలతలో ఐదు వచ్చాయి. బీడీ చిన్నది, అందులో తంబాకు తక్కువ కదా అని పేషెంట్లే కాదు, కొందరు డాక్టర్లూ తేలిగ్గా తీసుకుంటారు. తునికాకు గుండా గాలి సరిగ్గా దూరదు. ఆరిపోకుండా ఉండాలంటే గబగబా, గట్టిగా గుంజాలి. అందుకే ఒంట్లోకి పోయే నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) సిగరెట్ కంటే తక్కువేం కాదు. మధ్యాహ్నం ఊదించిన సీఓ మీటర్లో 22 పీపీఎం చూపించింది.

వచ్చిన రోజు ఆయన అడిగింది బీడీ మానిపించమని కాదు. "దమ్ముకు మందియ్యిండ్రి సారూ, బీడీ సంగతి నేను జూసుకుంట." గుచ్చి అడిగితే చెప్పారు: లోగడ రెండుసార్లు మానారు. "రెండుసార్లు గూడ ఐదారు రోజులకే గుండె దడ. చేతులు వణుకుడు, కడుపుల తిప్పుడు, నిద్ర లేదు. మళ్ల మొదలువెట్టినంక వారం పది రోజులకు నిమ్మళమైన. నా ఒంటికి బీడీ వడ్డది, ఇడిస్తెనే వడ్తలేదు."

ఈ మాట వింటే ఎవరైనా విత్‌డ్రాయల్ (నికోటిన్ అందక ఒళ్లు పడే బాధ) అనే రాసుకుంటారు. తేదీ మాత్రం గుర్తుంచుకోవాలి. రెండుసార్లూ అదే ఐదారో రోజు, అవే లక్షణాలు.

తగ్గించడం ఎందుకు పనిచేయలేదు

ఒక్కసారిగా మానడం తనవల్ల కాదని, తగ్గిస్తూ పోతానని ఆయనే అన్నారు. ఒప్పుకున్నాం. మాన్పుడు తేదీ పెట్టుకుని తగ్గిస్తే తప్పు లేదు. ఈయన తేదీకి ఒప్పుకోలేదు. నెల తిరిగేసరికి పది బీడీలకు వచ్చారు, ఇంట్లో వాళ్లకు సంతోషం. సీఓ చూస్తే 19. ముప్పైకి 22, పదికి 19. ఒక బీడీ తాగి చూపించమంటే విషయం తేలింది. దారం ముడి కాలేదాకా, వేళ్లు చురుక్కుమనేదాకా వదలడం లేదు. గుంజిన పొగను ఛాతీలో పట్టి ఉంచుతున్నారు. ఒంటికి కావాల్సిన నికోటిన్‌ను పది బీడీల్లోంచే పిండుకుంటున్నారు. లెక్క తగ్గింది, పొగ తగ్గలేదు. అంకెలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాక తేదీకి ఒప్పుకున్నారు.

ఆయనకు చెప్పింది కూడా అతిగా చెప్పలేదు. పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదు, పోయే వేగం తగ్గుతుంది. అమెరికా, కెనడాల్లో జరిగిన లంగ్ హెల్త్ స్టడీలో 11 ఏళ్లు చూస్తే, తాగుతూనే ఉన్న మగవాళ్లు ఏడాదికి సుమారు 66 మి.లీ. ఎఫ్ఈవీ1 పోగొట్టుకున్నారు, మానినవాళ్లు సుమారు 30. 'మానితే దమ్ము పోతుంది' అని మాటిస్తే నెల తర్వాత మన మాటకు విలువ ఉండదు.

గమ్

పట్నం మెడికల్ షాపులో కొన్న 2 మి.గ్రా. నికోటిన్ గమ్‌తో మొదలుపెట్టారు. రోజుకు నాలుగు, అదీ చాయ్ తాగుతూ. చూయింగ్ గమ్‌లా నమిలి, ఊరిన రసమంతా మింగారు. ఎక్కిళ్లు, గుండెల్లో మంట. నికోటిన్ ఎక్కాల్సింది బుగ్గ లోపలి చర్మం నుంచి. మింగితే కడుపు మంట మిగులుతుంది, బీడీ మీద మనసు తగ్గదు. నాలుక చురుక్కుమనేదాకా నమిలి, బుగ్గకు చిగురుకు మధ్య పెట్టి ఆపాలి. చురుకు తగ్గాక మళ్లీ నాలుగు నములు, మళ్లీ ఆపు. ఇలా అరగంట. చాయ్, సోడా, నిమ్మరసం నోటిని పులుపు చేసి నికోటిన్‌ను ఎక్కనివ్వవు కాబట్టి, గమ్‌కు పావుగంట ముందు నుంచి అవి వద్దు. లేచిన అరగంటలోపు తాగేవాళ్లకు 4 మి.గ్రా.ది కావాలి, దానికి చీటీ ఉండాలి. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి. రోజుకు నాలుగంటే ఈయన అలవాటుకు ఏ మూలకూ రాదు. పైగా ఈయనకు పై దవడలో నమిలే పళ్లే లేవు.

ఇవన్నీ సరిచేసేలోపే మానిన ఐదో రోజు భార్య ఆయన్ను తీసుకొచ్చింది. గుండె దడ, వాంతి, రెండు రాత్రులుగా నిద్ర లేదు.

నాడి 118. చేతులు చాపమంటే వేళ్లలో సన్నటి వణుకు. ఆక్సిజన్ 94, పిల్లికూతలు పెరగలేదు. జ్వరం లేదు, కాళ్లలో వాపు నొప్పి లేవు. ఈసీజీలో వేగం, అక్కడక్కడ ఒక అదనపు దెబ్బ. పొటాషియం 3.2కి పడిపోయింది.

ఇక్కడ ఆలోచన ఎలా సాగింది

విత్‌డ్రాయల్ అయితే చిరాకు, ఆకలి, నిద్రలేమి సరిపోతాయి. నాడి సరిపోదు. నికోటిన్ గుండెను పరుగెత్తిస్తుంది. మానినవాళ్లలో నాడి కొంచెం తగ్గాలి గానీ 118కి ఎక్కకూడదు. గమ్ ఎక్కువై ఉంటుందా? నాలుగు గమ్‌లు, అవీ సగం కడుపులోకి. మొన్నటిదాకా తాగిన బీడీల ముందు అదెంత? విత్‌డ్రాయల్‌తో పొటాషియం పడిపోదు, ఆ వణుకూ రాదు. ఏదో మందు ఒంట్లో ఎక్కువైన తీరిది.

ఇంట్లో ఉన్న మందులన్నీ సంచితో సహా తెమ్మన్నాం. చీటీలు కాదు, మందులు. రెండూ ఒకటి కావు. సంచిలో రాత్రిపూట వేసుకునే 400 మి.గ్రా. థియోఫిలిన్ అనే దమ్ము మందు ఉంది, ఎప్పటిదో డిశ్చార్జ్ చీటీ మీద మెడికల్ షాపు ఇస్తూనే ఉంది. దాని కింద కాగితంలో పొట్లం కట్టిన తెల్ల గోలీలు. ఊళ్లో ఆర్ఎంపీ 'దమ్ము గోలీ' అని పొద్దున సాయంత్రం వేసుకోమన్నవి. ఫోన్ చేసి అడిగితే సాల్బుటమాల్ (ఊపిరి గొట్టాలు తెరిచే మందు), థియోఫిలిన్ కలిసిన గోలీ అని తేలింది. అంటే థియోఫిలిన్ రెండు దారుల్లో పోతోంది, వణికించే సాల్బుటమాల్ అదనం.

బీడీ మానడానికీ దీనికీ లంకె కాలేయంలో ఉంది. పొగలోని తారు పదార్థాలు సీవైపీ1ఏ2 అనే ఎంజైమును రెచ్చగొడతాయి. థియోఫిలిన్‌ను కరిగించేది ప్రధానంగా అదే. పొగ తాగేవాడిలో ఈ మందు తొందరగా ఖర్చవుతుంది, అందుకే ఇన్నేళ్లు అంత మోతాదూ ఆయనకు పడింది. పొగ ఆగిన కొద్ది రోజుల్లోనే ఎంజైము మామూలు స్థాయికి దిగుతుంది. మందు మాత్రం అంతే వేసుకుంటున్నారు. నాలుగైదు రోజులకు రక్తంలో పేరుకుని దడ, వణుకు, వాంతి. మళ్లీ బీడీ మొదలుపెడితే ఎంజైము మళ్లీ పెరిగి వారం పది రోజుల్లో నిమ్మళం. ఆయన చెప్పింది ప్రతి అక్షరం నిజం. కారణం ఒక్కటే వేరు.

ఎంజైమును రెచ్చగొట్టేది నికోటిన్ కాదు, పొగ. కాబట్టి గమ్ నమిలినా, చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ వేసుకున్నా ఈ చిక్కు వస్తుంది. థియోఫిలిన్ తప్పనిసరి అయిన మనిషికి మానిన మొదటి వారంలో మోతాదును పావు నుంచి మూడో వంతు తగ్గించి, రక్తంలో స్థాయి చూసుకోవాలి. ఈయనకు అది తప్పనిసరి కాదు. రెండు గోలీలూ ఆపాం. స్థాయి పరీక్షకు రక్తం పంపాం గానీ రిపోర్టు కోసం ఆగలేదు. పొటాషియం ఇచ్చి ఒక రోజు ఉంచి చూశాం. మర్నాటికి వాంతి ఆగింది, నాడి వందలోపు వచ్చింది.

ఇంటికి వెళ్లిన వారంలోనే ఆయన మళ్లీ బీడీ మొదలుపెట్టారు. వెంటనే మానమని పట్టుబట్టలేదు. దడకు కారణం బీడీ మానడమేనన్న నమ్మకం పాతది. కాదని మనం చెబితే వినరు, ఆయన ఒంటికి తెలియాలి. ముందు గోలీల స్థానంలో ఇన్‌హేలర్ కుదరాలి, ఆ తర్వాతే తేదీ.

రెండో ప్రయత్నం

ఊపిరి గొట్టాలు తెరిచే టియోట్రోపియం, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్, దానికి తగిలించే స్పేసర్ గొట్టంతో. అవసరానికి సాల్బుటమాల్ పంపు. 'పంపు అలవాటైతది' అనే భయం గోలీలు మింగిస్తుంది, అది పోవడానికి రెండు వారాలు పట్టింది. నొక్కాక లోపలికి తీయకుండా స్పేసర్లోకి ఊదుతున్నారు. అద్దం ముందు కూర్చోబెట్టి నేర్పిస్తే కుదిరింది.

బీడీ మాన్పించే మందు ఎంపిక దగ్గర బుప్రోపియాన్ అనే గోలీని పక్కన పెట్టడానికి కారణం కల్లు. ఆయన వారంలో నాలుగు రోజులు మండువకు (కల్లు తాగే చోటికి) వెళ్తారు. మన దగ్గర చాలాచోట్ల కల్లులో అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది దాచిన విషయం కాదు. ఒక్కసారి ఆపితే ఫిట్స్ వస్తాయి. ఫిట్స్ అవకాశాన్ని బుప్రోపియాన్ ఇంకా పెంచుతుంది. ఇదే కారణంతో బీడీతో పాటు కల్లు కూడా ఆ రోజే బందు పెట్టమని చెప్పలేదు. తాగని రోజు చేతులు వణుకుతాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడిగి, మెల్లగా తగ్గించమన్నాం. తాగినా మండువలో దోస్తుల పొగ మధ్య కాదు, ఇంట్లో.

ప్యాచ్, గమ్ కలిపి వాడటం మంచి దారే. పళ్లు లేవు, ఎండాకాలం చెమటకు ప్యాచ్ ఊడుతుందని ఆయనే ఇష్టపడలేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగా ఉంది కాబట్టి, బీడీ మీద మనసు తగ్గించే వరెనిక్లిన్ గోలీ తీసుకున్నాం. మొదటి మూడు రోజులు 0.5 మి.గ్రా. ఒకపూట, నాలుగు నుంచి ఏడో రోజు దాకా రెండు పూటలా, ఎనిమిదో రోజు నుంచి 1 మి.గ్రా. రెండు పూటలా, 12 వారాలు. కడుపు నిండా తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. ఈయనకు పాత దడ గుర్తొచ్చి మందు పారేసే ప్రమాదం ఉంది కనుక, ఇది ఒకటికి రెండుసార్లు చెప్పాం. కలలు ఎక్కువైతే రెండో గోలీ రాత్రి పడుకునేముందు కాకుండా సాయంత్రం వేసుకోవాలి. ఈ మందు మీద కల్లు మామూలు కంటే ఎక్కువ ఎక్కవచ్చని కూడా చెప్పాం.

తేదీ దసరా దాటాక పెట్టాం. పండక్కి మాంసం, మందు, చుట్టాలు. ఆ వారంలో మానమనడం ఓడిపొమ్మనడమే.

ఇల్లు అసలు పని. భార్యను బీడీలు చేయడం మానమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఇల్లు నడిచేది దాంతోనే. "బీడీలు జేసి పిల్లల పెండ్లిల్లు జేసిన. బీడీ తాగద్దని ఏ నోటితోని జెప్పాలె సారూ" అన్నది ఆమె. ఏం చేయవచ్చో ఆమే చెప్పింది. పక్కింటి వాకిట్లో నలుగురు ఆడవాళ్లు కలిసి కూర్చుంటారు, చాట అక్కడికి మారింది. చేసినవి ఏ రోజువి ఆ రోజు కార్ఖానాకు. మిగిలిన ఆకు, తంబాకు పక్కింట్లోనే రేకు డబ్బాలో. లెక్కలో కట్ట తగ్గితే కూలీ కోత కాబట్టి ఆమె కళ్లుగప్పి ఒక్క బీడీ పోవడం కష్టం. సీఓ మీటరు వారానికోసారి, ఆమె లెక్క రోజూ.

ఐదో రోజు ఫోన్ చేశాం. నాడి ఎలా చూసుకోవాలో ముందే నేర్పించాం. ఆయనే లెక్కబెట్టి 84 అన్నారు. కాసేపాగి, "దడ రాలే" అన్నారు. ఆ తర్వాత ఆయన్ను ఒప్పించాల్సిన పని పెద్దగా మిగల్లేదు.

మధ్యలో అడ్డుపడ్డవి

మలబద్ధకం. "పొద్దుగాల ఒకటి గుంజకుంటే కడుపు కదలది" అనేది సాకు కాదు. నికోటిన్ పేగులను కదిలిస్తుంది, మానితే కొన్ని వారాలు బిగుస్తుంది. చాలామంది మొదటి ఉదయమే దీనికి ఓడిపోతారు. మానడానికి రెండు రోజుల ముందు నుంచే రాత్రి రెండు చెంచాల ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లలో, పొద్దున వేడినీళ్లు మొదలుపెట్టించాం.

దగ్గు. రెండో వారంలో తెమడ పెరిగింది. బీడీ మానితే దగ్గు ఎక్కువైందని ఊళ్లో అనేవాళ్లకు కొదవ లేదు. ఊపిరి గొట్టాల్లో తెమడను పైకి తోసే సన్నటి నూగు మళ్లీ పనిలో పడుతున్నప్పుడు కొందరిలో ఇలా అవుతుంది. ముందే చెప్పి ఉంచితే భయపడరు. రంగు మారితే, రక్తం కనిపిస్తే, జ్వరమొస్తే అది వేరు, వెంటనే రావాలి.

చాయ్. కెఫీన్‌ను కరిగించేది కూడా అదే ఎంజైము. రోజుకు ఆరు చాయ్‌లు తాగే మనిషి బీడీ మానాక అవే ఆరు తాగితే నిద్ర పోతుంది. మూడుకు తగ్గించాం, సాయంత్రం తర్వాతది బందు.

బీడీ మీద మనసు పుట్టిందా, నిజంగా దమ్ము వచ్చిందా అన్నది సీఓపీడీ మనిషికి తేడా తెలియదు, రెండింటికీ ఛాతీ బిగుస్తుంది. కూర్చున్నచోట వస్తే ముందు పెదాలు మూసినట్టు పెట్టి ఈల వేసినట్టు మెల్లగా ఊదుతూ ఐదు నిమిషాలు. మనసు పుట్టిందే అయితే అది ఆ లోపు దాటిపోతుంది. నడిచాక, మెట్లెక్కాక వచ్చినదైతే, లేదా ఊదినా తగ్గకపోతే పంపు.

ఐదో వారం సీఓ 9 వచ్చింది. భార్య లెక్క సరిగ్గానే ఉంది, బట్టల్లో వాసన లేదు. తాగావా అని నిలదీసి ఉంటే ఆయన మళ్లీ వచ్చేవారు కాదు. పొద్దున్నుంచి ఏం చేశారో చెప్పమంటే, చలికి స్నానం నీళ్లు కాగే కట్టెల పొయ్యి ముందు గంటసేపు కూర్చుని నేరుగా బస్సెక్కారని తేలింది. మర్నాడు పొయ్యి దగ్గరికి పోకుండా వచ్చి ఊదితే 3. పొయ్యి కూడా ఆ ఊపిరితిత్తులకు పొగే కాబట్టి నీళ్లు కాచే పని వేరేవాళ్లకు మారింది.

ఎనిమిదో వారంలో చుట్టాలింట్లో దినాల దగ్గర కల్లుతో పాటు మూడు బీడీలు తాగారు. మందు ఆపలేదు, తేదీ మార్చలేదు, మర్నాడు ఫోన్ చేసి మాట్లాడాం. మేం అందుబాటులో లేని వేళలకు పొగాకు మానడానికి సలహా ఇచ్చే క్విట్‌లైన్ నంబరు 1800-11-2356ను ఆమె ఫోన్లో ఉంచాం. ఇలాంటి తప్పటడుగు తర్వాత కొందరు అంబర్ (నమిలే తంబాకు), గుట్కాకు మారతారు కనుక అది కూడా అడగాలి. ఈయన మారలేదు.

ఆరు నెలలకు

సీఓ 2. బరువు 49 కిలోలు. ఇంత సన్నటి మనిషికి మూడు కిలోలు పెరగడం మంచిదే. ఎఫ్ఈవీ1 43 శాతం, ఇది పరీక్షలో వచ్చే మామూలు తేడాలోపే కాబట్టి మెరుగైందని చెప్పలేదు. ఒకసారి దమ్ము పెరిగింది గానీ ఆస్పత్రిలో చేరకుండానే తగ్గింది. ఊరి చివర గుడిదాకా ఆగకుండా నడుస్తున్నారు. వరెనిక్లిన్ ఇంకో 12 వారాలు పొడిగించి ఆపాం; దినాల నాటి జారుబాటు చూశాక 12 వారాలకే ఆపడం తొందరపాటనిపించింది. ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు పడ్డాయి. భార్యకూ స్పైరోమెట్రీ చేయించాం, మామూలుగా ఉంది. తంబాకు దుమ్ము లేవకుండా ఊడ్చేముందు నీళ్లు చల్లమని, ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పాం.

ఊరి ఆర్ఎంపీతో తగవు పెట్టుకోలేదు. రాత్రి రెండింటికి దమ్ము వస్తే ఆ ఇంటికి ముందు చేరేది ఆయనే. పేషెంటు చేతికిచ్చిన చీటీలో నాలుగు సంగతులు రాశాం: ఫలానా తేదీన బీడీ మానారు, థియోఫిలిన్ ఏ పేరుతోనూ ఇవ్వొద్దు, ఎప్పుడైనా ఇవ్వక తప్పకపోతే దాంతో పాటు సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ వద్దు, అవి కూడా దాన్ని రక్తంలో పెంచుతాయి, దడ, వణుకు, వాంతి వస్తే ముందు నాడి చూసి మాకు ఫోన్ చేయండి. మానసిక సమస్యలకు క్లోజపైన్, ఒలాంజపైన్ వాడేవాళ్లు బీడీ మానినా ఇదే ఎంజైముతో మందు పెరుగుతుంది కాబట్టి, అలాంటి వాళ్ల చీటీ వాళ్ల డాక్టరుకు మానే తేదీ కంటే ముందే చేరాలి.